క్రేను చేతులు

బరువు ఎత్తే ముందు క్రేను ఒకసారి ముక్కుతో గాలి పీల్చి నోటితో వదులుతాడు. బీరువా అయినా, ఫ్రిజ్జు అయినా, మూడో అంతస్తుకు చేరాల్సిన చలువరాతి బల్ల అయినా అంతే. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం అతని వృత్తి. ఆ వృత్తిలోకి వచ్చిన కొత్తలోనే అసలు పేరు పోయి ఈ పేరు మిగిలింది. కోపం వస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది. చెల్లెల్ని ఎత్తేటప్పుడు మాత్రం అతను గాలి పీల్చడు. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద వేసి, మాటల్లో ఉండగానే లేపేస్తాడు. ఆమెను బరువుల్లో ఏనాడూ జమకట్టలేదు. పిట్ట అని పేరు పెట్టుకున్నాడు. పిట్టకు ముప్పై దాటాయి, కళ్ళజోడు వచ్చింది, పుస్తకాలు బైండు చేయడంలో ఆమె తర్వాతే ఎవరైనా అనిపించుకుంది. అయినా అన్నకు పిట్టే.

ఆ మంగళవారం పొద్దున కూడా అలాగే ఇంటి ముందు రెండు మెట్లు దింపి, తన చిన్న లారీ ముందు సీట్లో కూర్చోబెట్టాడు. చక్రాల కుర్చీని మడిచి వెనక పెట్టి, జతగాడు బక్కాయనను దాని పక్కన ఎక్కించాడు.

"దారంతా గుంతలే. కుర్చీ జాగ్రత్త," అన్నాడు.

"మరి నేనో?" అన్నాడు బక్కాయన.

"నువ్వు విరిగితే అతుక్కుంటావు. కుర్చీ అతుక్కోదు."

పిట్ట నవ్వలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, బొటనవేలికి అంటుకున్న ఎండు జిగురు గోటితో గీకుతూ కూర్చుంది.

"అన్నయ్యా, ఇవాళ నేనే ఎక్కుతాను. తనిఖీకి వచ్చే ఆవిడ చూడాల్సింది అదే. నువ్వు దూరంగా నిలబడాలి. సరేనా?"

"సరే," అన్నాడు క్రేను. అనడానికేం, నోరే కదా.

గ్రంథాలయంలో బైండరు ఉద్యోగానికి పిట్ట ఎంపికైంది. భవనం ముందు మెట్లు, మెట్ల పక్కన సిమెంటు ర్యాంపు ఉన్నాయి. ర్యాంపు ఉండాలని పాత చట్టం చెప్పింది గానీ ఎలా ఉండాలో చెప్పలేదు. అందుకని ఉంది, పిల్లల పార్కులో జారుడుబల్లలాగా. ఈ ఏడు చట్టాన్ని సవరించారు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి, పక్కన పట్టుకోవడానికి కమ్మీలుండాలి, కుర్చీ తిరిగేంత మరుగుదొడ్డి ఉండాలి. లేనివాళ్ళు కట్టుకోవాలి, లేదంటే సడలింపు అడగాలి. గ్రంథాలయం సడలింపు అడిగింది.

అడిగింది గ్రంథాలయాధికారి. అందరూ పెద్దసారు అంటారు. ఆయన చెడ్డవాడు కాదు. పిట్ట బైండు చేసిన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, వెన్ను మీద వేలు రాసి, "ఈ అమ్మాయే కావాలి" అని పట్టుబట్టింది ఆయనే. కాకపోతే కొత్త ర్యాంపు కట్టాలంటే ముందున్న గులాబీ తోట తవ్వాలి. ఆ గులాబీలను ఆయన సొంత చేతులతో నాటాడు.

"అమ్మాయిని వద్దంటున్నానా మేడమ్?" అన్నాడాయన. "ఎవరో ఒకరు కాస్త చెయ్యేస్తే అయిపోయేదానికి తోటంతా తవ్వాలా?"

తనిఖీ అధికారిణి సంచీలోంచి వాలు చూసే రసమట్టం తీసింది. దాన్ని ర్యాంపు మీద పెట్టి, వంగి చూసి, లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "మీరు ఎక్కండమ్మా," అంది పిట్టతో.

పిట్ట చక్రాలు తిప్పింది. మొదటి తోపుకు కుర్చీ బాగానే పోయింది. రెండో తోపుకు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఆమె ఒళ్ళంతా ముందుకు వంచి పళ్ళ బిగువున ఇంకో తోపు తోసింది. కుర్చీ ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది.

క్రేను ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు. చూసేసరికి చెల్లెలు చేతుల్లో ఉంది, తను పైమెట్టు మీద ఉన్నాడు, గ్రంథాలయం అటెండరు కుర్చీ పట్టుకుని వెనకే పరుగెత్తుకొస్తున్నాడు. మెట్ల మీద నిలబడ్డవాళ్ళెవరో చప్పట్లు కొట్టారు.

"చూశారా మేడమ్!" పెద్దసారు ముఖం విప్పారింది. "ఇంతకంటే ఏం కావాలి?"

"రోజూ మీరే వస్తారా?" అని అడిగింది అధికారిణి, క్రేనును.

"పొద్దునా సాయంత్రం వస్తానండి. ఇది నాకో పనే కాదు."

ఆవిడ చేతిలోని కాగితాలు తిరగేసింది. "శాశ్వతంగా సహాయకుడుంటే సడలింపు ఇవ్వొచ్చని నిబంధన ఉంది. రేపట్నుంచి ఈమెను పనిలో చేరనివ్వండి. శుక్రవారం వచ్చి, ఎలా సాగుతోందో చూసి చెప్తాను."

చేతుల్లో పిట్ట కర్రలా బిగుసుకుపోయి ఉంది. భయపడిందనుకున్నాడు క్రేను.

*

ఇంటికొచ్చాక పిట్ట కిటికీ పక్కన తన బల్ల దగ్గర కూర్చుని, ఎవరిదో పాత నిఘంటువు కుట్టసాగింది. దారానికి మైనం రుద్దడం, కాగితాల మడతలోంచి సూది దించడం, ముడి బిగించడం. బిగించిన ప్రతిసారీ దారం టక్కుమంటోంది. మామూలుగా ఆమె చేతిలో దారం అలా చప్పుడు చెయ్యదు. మంచం మీద కూర్చున్న క్రేనుకు ఆ టక్కు టక్కు తనకే తగులుతున్నట్టుంది.

"ఉద్యోగం వచ్చిందిగా, ముఖం అలా పెట్టుకున్నావేం పిట్టా?"

"ఎవరికొచ్చింది?"

"నీకే."

"మనిద్దరికీ కలిపి వచ్చింది. నువ్వు లేందే నేను గుమ్మం దాటలేను. నీ లారీ టైరు పంక్చరైతే నాకు సెలవు. నీకు జ్వరం వస్తే నాకు సెలవు."

"నాకు జ్వరమెప్పుడొచ్చిందే?"

"ఆయనకి జ్వరం రాదులే పిట్టా," అంది వంటింట్లోంచి వదిన. "వస్తే దాన్ని కూడా ఎత్తి ఏ మూడో అంతస్తులోనో దింపి వస్తారు."

పిట్ట పెదవుల దాకా వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నేను ఎక్కలేనని ఆవిడ కళ్ళారా చూడాలన్నాను. చూసే లోపల ఎత్తుకుపోయావు. ఇప్పుడు ఆ ర్యాంపు బాగానే ఉన్నట్టు లెక్క. నా తర్వాత వచ్చేవాళ్ళకి నీలాంటి అన్నయ్య లేకపోతేనో?"

"నువ్వు వెనక్కి జారుతుంటే గుడ్లప్పగించి చూడమంటావా?"

"అవును, చూడమన్నాను. సరే అన్నావు."

అసలు క్రేను భయం వేరే ఉంది, అది కూడా బయటపెట్టేశాడు. "చూడు పిట్టా, మనం ర్యాంపు ర్యాంపు అని పట్టుకుంటే పెద్దసారుకి విసుగొచ్చి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తే? చేతికందింది నోటికందకుండా పోతే? వచ్చినదాన్ని ముందు అందుకుందాం."

"అందుకునేది కూడా నువ్వేగా," అంది పిట్ట, సూది దించుతూ.

అతను లేచి బయటికి పోయి లారీ టైర్లలో గాలి చూశాడు. పొద్దునే చూసినవే. తన బతుకులో ఏ బరువునూ జారవిడవలేదు, ఎవరి గాజు బీరువాకూ బీట పడనివ్వలేదు. అంత జాగ్రత్తగా చూసుకునే చెల్లెలు తన మీద అలగడం అతనికి కష్టంగానే ఉంది. బాగా కష్టంగా ఉంది.

*

బుధవారం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. పొద్దున ఎత్తుకెళ్ళి లోపల కూర్చోబెట్టాడు, సాయంత్రం చెప్పిన వేళకు వెళ్ళి తెచ్చుకున్నాడు. "మీలాంటి అన్న ఉంటే ఇంక చట్టాలెందుకండీ!" అని పెద్దసారు భుజం తట్టాడు. క్రేను ఆ మాటను అన్నం దగ్గర మళ్ళీ చెప్పాడు. వదిన వినిపించుకోనట్టు కూర వడ్డించింది. పిట్ట తల ఎత్తలేదు.

గురువారం ఒక పెద్ద ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. టేకు బీరువా ఒకటి మెట్ల మలుపులో ఇరుక్కుని ప్రాణం తీసింది. తల భాగం క్రేను పట్టాడు, అడుగు భాగం బక్కాయన పట్టాడు.

"ఎడమకి. నెమ్మది. గోడ చూసుకో. దింపకు, దింపకు," అంటూనే ఉన్నాడు క్రేను. చివరికి సామానంతా లారీకెక్కించి కొత్త ఇంటికి చేర్చేసరికి, ఆ ఇంటాయన తాళాలు మరిచిపోయి ఇంకెక్కడో ఉన్నాడు. వచ్చేదాకా ఆగమని ఫోను చేశాడు.

ఇద్దరూ కొత్త ఇంటి మెట్ల మీద కూర్చున్నారు. సామాన్లు లారీలో ఉన్నాయి. ఎండ గోడ మీదికి పాకింది. క్రేను కాలుగాలిన పిల్లిలా వీధి చివరిదాకా వెళ్ళి వస్తున్నాడు.

"కూర్చో," అన్నాడు బక్కాయన. "బీరువాకేం తొందర? ఎక్కడ పెడితే అక్కడుంటుంది. దానికి ఆకలా, దాహమా."

క్రేను చెల్లెలికి ఫోను చేశాడు. "వచ్చేస్తున్నా పిట్టా, దారిలో ఉన్నా," అని అబద్ధమాడాడు.

"పర్లేదు, నెమ్మదిగా రా," అంది పిట్ట. గొంతు బొంగురుగా ఉంది. ఫోనులో అంతేలే అనుకున్నాడు.

అతను గ్రంథాలయానికి వెళ్ళేసరికి దీపాలు పెట్టారు. తలుపులకు తాళాలు పడ్డాయి. పిట్ట వసారాలో, మెట్ల పైన, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. కింది మెట్టు మీద అటెండరు తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటున్నాడు. అతని మోటార్‌సైకిలు పక్కన సిద్ధంగా ఉంది. ఇంట్లో పెళ్ళాం ఎదురు చూస్తోందని మాత్రం అన్నాడు, అంతకంటే ఏమీ అనలేదు. క్రేను చెల్లెల్ని ఎత్తుకుని దించాడు. ఆమె పెదవులు ఎండి పొట్టు రేగి ఉన్నాయి. దారి పొడుగునా కళ్ళు మూసుకుని కూర్చుంది.

ఇంటికి రాగానే వదిన ఏమీ అడక్కుండా ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపేసింది. కాసేపటికి పిట్ట వచ్చి బల్ల దగ్గర కూర్చుని నీళ్ళు తాగింది. ఒక గ్లాసు, ఇంకో గ్లాసు, ఇంకా సగం. గుటక గుటకకూ గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాడు క్రేను. తాగి, వెళ్ళి పడుకుంది.

"అదేంటే, అక్కడ నీళ్ళు లేవా?" అని అడిగాడు భార్యను, పెరట్లో.

వదిన బట్టలు తీస్తోంది. "ఉన్నాయి. తాగితే మళ్ళీ వెళ్ళాలిగా. అక్కడి దొడ్డి వెనకాల మెట్లు దిగి ఉంది. ఎవర్ని పిలుస్తుంది? బయటికెళ్ళే రోజు పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టదు. మీకు తెలీదూ?"

"ఎప్పట్నుంచి?"

"నేను ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. అంతకుముందు సంగతి నాకేం తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

వదిన దండెం మీది చొక్కాను మడిచి భుజాన వేసుకుని అతని వైపు తిరిగింది. కోపంగా లేదు. "చెప్తే ఏం చేసేవారు? అక్కడికి కూడా ఎత్తుకెళ్తాననేవారు."

నిజంగా క్రేను ఆ మాటే అనబోయాడు. చిన్నప్పటినుంచీ ఎత్తుకు తిరిగాడు, గడప గడపా దాటించాడు. ఎత్తుకున్న మనిషికి దాహం వేస్తోందని తెలుసుకోలేదు. అతనికి ఏడుపొచ్చింది. పెరట్లో ఇంకెవరూ లేరు కాబట్టి ఏడ్చాడు. వదిన బట్టలు తీయడం ఆపి అతని పక్కన నిలబడింది.

*

శుక్రవారం పొద్దున దారిలో అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. గ్రంథాలయం ముందు అతను పిట్టను లారీ దింపి కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు సర్ది, నాలుగడుగులు వెనక్కి వేసి లారీకి ఆనుకుని నిలబడ్డాడు. అధికారిణి అప్పటికే వచ్చి ఉంది. పెద్దసారు గులాబీల దగ్గర ఎండిన ఆకులు తుంచుతున్నాడు.

"ఆఁ, కానివ్వండి," అన్నాడు క్రేనుతో. "మేడమ్‌కి మళ్ళీ ఒకసారి చూపిద్దాం."

క్రేను కదల్లేదు.

"ఎత్తండి."

"ఎత్తనండి."

పెద్దసారు ఆకులు వదిలేసి చూశాడు. "ఏం, నడుం పట్టేసిందా? అటెండర్ని రమ్మంటాను."

"నడుముకేం కాలేదండి. కావాలంటే మీ ఇనప బీరువాలన్నీ ఇప్పుడే దింపుతాను. చెల్లెల్ని మాత్రం ఎత్తను."

పిట్ట కుర్చీలోంచి తల తిప్పి అన్నను చూసింది.

"మొన్న రోజూ వస్తానన్నారు," అంది అధికారిణి. "సహాయకుడు లేకపోతే సంగతి మారుతుంది. తెలుసు కదా?"

"తెలుసండి. తెలియక ఒప్పుకున్నాను, అది తప్పు." ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఇంకా పోలేదు, గుండెలో అలాగే ఉంది. "మీరు నన్ను అడక్కండి. తనున్నది అక్కడ. తననే అడగండి."

అధికారిణి పిట్ట వైపు తిరిగింది. పిట్ట కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"నేను ఎక్కుతాను మేడమ్. ఎవరూ ముట్టుకోవద్దు. అయ్యాక వెనకాల మరుగుదొడ్డి కూడా చూడండి."

చక్రాలు కదిలాయి. మొదటి తోపు, రెండో తోపు. క్రేను చేతులు వెనక్కి పెట్టుకుని లారీ తలుపు గొలుసు పట్టుకున్నాడు. ముందు చక్రాలు లేచాయి. గొలుసు గలగలమంది. అతని కాలు దానంతటదే ముందుకు పడింది. బక్కాయన వెనకనుంచి అతని చొక్కా గుప్పిట్లో పట్టి ఆపాడు. లాగితే ఆ చొక్కా చిరుగుతుంది తప్ప క్రేను ఆగడు. అయినా ఆగాడు. పిట్ట మోచేతులు వణికాయి. కుర్చీ నిలబడింది, వెనక్కి జారింది, జారి జారి వంకర తిరిగి కిందనున్న గులాబీ కుండీకి తగిలింది. కుండీ రెండు ముక్కలైంది. పిట్ట బ్రేకు వేసి, ఎగశ్వాసతో, "నాకేం కాలేదు," అంది. అది అన్నకు చెప్పిన మాట.

అందరికంటే ముందు పెద్దసారే పరుగెత్తాడు. కుండీ వైపు కాదు, కుర్చీ వైపు. చెయ్యి చాచి, ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చి మధ్యలో ఆపేశాడు. ర్యాంపును కిందనుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు. "ఇంత ఏటవాలా ఇది?" అన్నాడు మెల్లగా.

"ఇన్నాళ్ళూ దీన్ని ఎవరెక్కారు?" అని అడిగింది అధికారిణి.

"నా బండండి," అన్నాడు అటెండరు, వానొచ్చినప్పుడు మోటార్‌సైకిలు వసారాలో పెట్టుకుంటానని. "అది కూడా మొదటి గేరులోనేనండి."

ముందు నవ్వింది పిట్ట.

సడలింపు ఇవ్వనని అధికారిణి అక్కడే చెప్పింది. కొత్త కొలతలతో ర్యాంపు కట్టాలి, అంతవరకు ఆమె ఉద్యోగాన్ని కదపడానికి వీల్లేదు. వెనకాల మరుగుదొడ్డి చూసి వచ్చి, అది కూడా కట్టాలంది. మరి కట్టేదాకా పని ఎలా అని పెద్దసారు నెత్తి పట్టుకుంటే పిట్టే దారి చెప్పింది. ఆవరణలో పాత పత్రికలు పెట్టే గది ఉంది. దానికి మెట్లు లేవు. పత్రికల కట్టలు తోపుడు బండి మీద వెళ్ళేవి కాబట్టి తలుపు వెడల్పుగా ఉంది. పక్కనే చీపుర్లు, బకెట్లు పెట్టే మరుగుదొడ్డి ఉంది. చీపుర్లు తీసి కమ్మీ ఒకటి బిగిస్తే చాలు.

"అక్కడే ఉండిపొమ్మంటే మాత్రం ఊరుకోను సార్," అంది పిట్ట. "ర్యాంపు కట్టాక చదువుకునే హాల్లోకే వస్తాను."

"రావాలమ్మా, రావాలి." పెద్దసారు పగిలిన కుండీలోంచి మొక్కను వేళ్ళతో సహా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "గులాబీలకేం, వెనకాల నాటినా బతుకుతాయి."

*

శనివారం క్రేనుకు పని తగిలింది. బైండింగు గదిలోని ఇనప ప్రెస్సును కింద ఆవరణలోని పాత పత్రికల గదికి చేర్చాలి. పుస్తకాల్ని నొక్కి పెట్టే ఆ ప్రెస్సు ఏనుగు పిల్లంత ఉంటుంది, దాన్ని అక్కడ పెట్టినవాళ్ళెవరో ఇప్పుడు లేరు. క్రేను గాలి పీల్చి, వదిలి, దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకున్నాడు. "ఎడమకి. నెమ్మది. మెట్టు చూసుకో," అంటూ బక్కాయనతో కలిసి మెట్లు దింపాడు. కింద గది గుమ్మంలో పిట్ట కుర్చీలో కూర్చుని, "ఇంకొంచెం కిటికీ వైపు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ," అని చెప్తుంటే, చెప్పినచోట పెట్టాడు. పని తన దగ్గరికి నడిచి వచ్చినందుకు ఆమె ముఖం వెలిగిపోతోంది.

ఆదివారం లారీలోని పొడవాటి పలకలు తెచ్చి ఇంటి ముందు రెండు మెట్ల మీద వేశాడు. సొంత ఇంటికి ఏ చట్టమూ చెప్పలేదు, అతనికే తోచింది.

"ఇది జారుడుబల్ల," అంది గుమ్మంలోంచి పిట్ట.

ఇంకో పలక కలిపాడు. అదీ చాల్లేదు. చివరికి పలకలు వాకిలంతా దాటి గేటు దాకా వచ్చాయి.

"మరి నేనెటు నడవను?" అంది వదిన.

"దాని మీదే నడువు. నీకూ మోకాళ్ళు నొప్పులేగా."

పిట్ట దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. నాలుగోసారి దిగి గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. ఎక్కడికని అడగబోయి క్రేను నాలుక కరుచుకున్నాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక పలకలకు మేకులు కొట్టాడు.

సోమవారం పొద్దున పిట్ట తలదువ్వుకుని, సంచీ సర్దుకుని, బల్ల దగ్గర కూర్చుని మంచినీళ్ళు అడిగింది. వదిన గ్లాసు పెట్టింది. పిట్ట తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇంకో గ్లాసు వదినా," అంది. వదిన నింపుతూ భర్త వైపు చూసింది. అతను గుమ్మంలో నిలబడి లారీ తాళాలు వెతుక్కుంటున్నాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

పిట్ట తనంతట తను పలకల మీదుగా దిగి లారీ దగ్గరికి వచ్చింది. లారీ సీటు ఎత్తులోనే ఉంది, దానికింకా ఎవరూ కొలత పెట్టలేదు. ఆమె అన్న వైపు రెండు చేతులూ చాచింది.

"ఊఁ, ఎత్తు."

క్రేను వంగి, ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద వేశాడు. ఎత్తే ముందు ముక్కుతో గాలి పీల్చి నోటితో వదిలాడు. పిట్ట కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏంటన్నయ్యా, బరువెక్కానా?"

"రెండు గ్లాసుల నీళ్ళు తాగావుగా," అన్నాడు క్రేను.